పాసమాక్వాడీ మైనపు సిలిండర్లు: 1890 నాటి గొంతులు సొంతవాళ్లకు చేరిన తీరు

1890 మార్చి మధ్యలో జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అనే పరిశోధకుడు ఎడిసన్ ఫోనోగ్రాఫ్ అనే శబ్దాన్ని ముద్రించే యంత్రం ఒకటి వెంటబెట్టుకుని, అమెరికాకు ఈశాన్యపు కొసన మెయిన్ రాష్ట్రంలో, కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న క్యాలస్ అనే ఊరికి వెళ్లాడు. అక్కడ కొద్ది రోజుల్లోనే నోయెల్ జోసెఫ్స్, పీటర్ సెల్మోర్ అనే పాసమాక్వాడీ ఆదివాసుల చేత పాటలు పాడించి, కథలు చెప్పించి, అంకెలూ వారాల పేర్లూ పలికించి, వాటిని మైనపు సిలిండర్ల మీదికి ఎక్కించుకున్నాడు. పరిశోధన కోసం జనం మధ్యకు వెళ్లి చేసిన శబ్ద ముద్రణల్లో ఇప్పటికి మిగిలి ఉన్న అతి పాతవి ఇవే. వీటిలో 31 సిలిండర్లు ఇవాళ వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో, అమెరికన్ ఫోక్‌లైఫ్ సెంటర్ సంరక్షణలో ఉన్నాయి.

నేను అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పాత శబ్ద సేకరణల సంరక్షణ, వర్గీకరణ పనులు చూస్తాను. ఫ్యూక్స్ సిలిండర్ల మీద స్వయంగా పనిచేసినవాణ్ని కాను గానీ, అదే కాలపు, అదే రకపు సిలిండర్లతో నిత్యం పని ఉన్నవాణ్ని కాబట్టి, మా విభాగంలో కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేటప్పుడు ముందుగా ఈ కేసునే వివరిస్తాను. మౌఖిక సంప్రదాయాలను ఆర్కైవులో భద్రపరచడమంటే ఏమేం పనులు ఇమిడి ఉంటాయో, వాటిలో ఏది ఏ క్రమంలో జరగాలో ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ మరొకటి నాకు తెలియదు. ఈ సిలిండర్లలోని శబ్దం ఏదో ఒక రూపంలో ప్రతి తరంలోనూ కాపాడబడుతూనే వచ్చింది. ఆ శబ్దంలో ఏముందో సరిగ్గా రాసుకోవడం మాత్రం, పాసమాక్వాడీ భాష మాట్లాడేవాళ్లు వచ్చి దాని ముందు కూర్చునేంతవరకు జరగలేదు.

ముద్రణ జరిగిన సందర్భం

ఫ్యూక్స్ మొదట సముద్రజీవుల మీద పనిచేసిన జంతుశాస్త్రజ్ఞుడు. బోస్టన్ నగరపు దాత మేరీ హెమెన్వే ఆర్థిక సహాయంతో నడుస్తున్న నైరుతి పరిశోధక యాత్రకు నాయకత్వం వహించడానికి సిద్ధమవుతూ, జూనీ, హోపీ తెగల దగ్గరకు వెళ్లే ముందు ఫోనోగ్రాఫ్ ఎంతవరకు పనికొస్తుందో పరీక్షించి చూసుకోవడానికి ఆయన క్యాలస్ వెళ్లాడు. అంటే పాసమాక్వాడీ వాళ్ల పాటలు ఆయనకు ఆ రోజుకు పరీక్షా సామగ్రి. అదే ఏడాది మే నెలలో సైన్స్ పత్రికలో, ఆదివాసీ భాషల అధ్యయనానికి ఈ యంత్రం ఎలా ఉపయోగపడుతుందో వివరిస్తూ వ్యాసం రాశాడు. అమెరికన్ ఫోక్‌లోర్ సొసైటీ పత్రికలో పాసమాక్వాడీ జానపద విజ్ఞానం మీద ఇంకొక దీర్ఘ వ్యాసం ప్రచురించాడు. ఆ రెండో వ్యాసం లేకపోతే ఈ సిలిండర్ల గురించి మనకు తెలిసింది ఇంకా చాలా తక్కువగా ఉండేది కనుక, ఆయన శ్రద్ధను తక్కువ చేయడం న్యాయం కాదు.

ఆ కాలాన్ని కూడా మనసులో పెట్టుకోవాలి. రిజర్వేషన్లలో, అంటే ఆదివాసులకు కేటాయించిన ప్రాంతాల్లో, వాళ్ల నృత్యాలనూ క్రతువులనూ నేరాలుగా పరిగణించే నిబంధనలను సమాఖ్య ప్రభుత్వం 1883లో తెచ్చింది. బడుల్లో సొంత భాష మాట్లాడిన పిల్లలను శిక్షించేవారు. పాట పాడితే తప్పని ఒక చేత్తో చెబుతూ, అది అంతరించిపోతుందని ఇంకో చేత్తో దాచుకుంటున్న రోజులవి. సేకర్తల దృష్టి అంతా రేపటి పండితుడి మీదే ఉండేది. పాడినవాడి మనవలు ఒకనాడు ఆ పాట కోసం వెతుక్కుంటూ వస్తారన్న ఊహ ఆనాటి కాగితాల్లో ఎక్కడా కనిపించదు.

సిలిండర్లు చాలా కాలం హార్వర్డ్‌లోని పీబడీ మ్యూజియంలో ఉండి, 1970ల ఆరంభంలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరాయి. ఆ గ్రంథాలయంలో 1928లోనే జానపద గీతాల ఆర్కైవు మొదలైంది. 1976 జనవరి 2న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకంతో అమెరికన్ ఫోక్‌లైఫ్ పరిరక్షణ చట్టం వచ్చింది, దాని ప్రకారం ఫోక్‌లైఫ్ సెంటర్ ఏర్పడింది. ఒక కుటుంబం, ఒక జాతి, ఒక వృత్తి, ఒక మతం, ఒక ప్రాంతం తమలో తాము పంచుకునే సంప్రదాయ వ్యక్తీకరణలన్నింటినీ ఆ చట్టం ఫోక్‌లైఫ్ కింద లెక్కించింది. ఆ నిర్వచనం ప్రకారం, న్యూజెర్సీలో తెలుగువాళ్లు పాడుకునే బతుకమ్మ పాట కూడా అమెరికా జానపద జీవనంలో భాగమే అవుతుంది.

సిలిండరు నుంచి శబ్దం తీయడం

మైనపు సిలిండరు అనగానే కొవ్వొత్తి మైనం గుర్తుకొస్తుంది గానీ, ఇది నిజానికి సబ్బు జాతికి చెందిన, ముట్టుకుంటే గీత పడేంత మెత్తని పదార్థం. ఒక్కోదాని మీద రెండు మూడు నిమిషాలకు మించి పట్టదు. సూది పక్కలకు కాకుండా పైకీ కిందికీ కదులుతూ గాడిని చెక్కుతుంది. శబ్దమంతా ఆ గాడి లోతులోని హెచ్చుతగ్గుల్లో ఉంటుంది. పాత ఫోనోగ్రాఫ్ మీద వినిపించిన ప్రతిసారీ బరువైన సూది ఆ హెచ్చుతగ్గులను కొద్దికొద్దిగా చదును చేస్తుంది. ఇష్టమైన పాటే ముందుగా అరిగిపోతుందన్నమాట. దానికి తోడు తేమ తగిలితే బూజు మైనాన్ని తిని గుంటలు పెడుతుంది, ఆ గుంటలు తర్వాత మనకు చిటపటలుగా వినిపిస్తాయి.

డబ్బా మూత తీశాక సిలిండరును బయటినుంచి పట్టుకోకూడదు. చూపుడు వేలినీ మధ్య వేలినీ దాని బోలులోకి పోనిచ్చి, లోపల కాస్త విడదీసి, ఆ ఒత్తిడితోనే పైకెత్తాలి. వేలి చమురు గాడికి అంటితే అక్కడే మళ్లీ బూజు పుడుతుంది. చల్లని గిడ్డంగిలోంచి తెచ్చినదాన్ని వెంటనే యంత్రానికి తొడిగితే పగులుతుంది కనుక గది వేడికి అలవాటు పడేదాకా ఆగాలి. ఎప్పుడూ నిలువుగానే నిలబెట్టాలి గానీ పక్కకు పడుకోబెట్టకూడదు. ఆ తర్వాత మెత్తని కుంచెతో పొడి బూజు దులిపి, చాలా తేలికైన చేతి మీద అమర్చిన సూదులను ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించి, గాడిలో అరగని గోడను పట్టుకునే సూది ఏదో తేల్చుకోవాలి.

ఇంతకంటే చిక్కైనది వేగం. 1890లో సిలిండరు నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలన్నదానికి స్థిరమైన ప్రమాణం లేదు. ముద్రించినప్పుడు నిమిషానికి 120 చుట్లు తిరిగినదాన్ని మనం 160 చుట్ల వేగంతో వినిపిస్తే, ఒకటి శ్రుతిలో పాడిన పాట నాలుగు శ్రుతికి ఎక్కి కూర్చుంటుంది, మగ గొంతు పిల్లవాడి గొంతులా మారుతుంది, హల్లులు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. కొందరు సేకర్తలు ప్రతి సిలిండరు మొదట్లో శ్రుతి పీక ఊది ఒక ఆధార స్వరం ఇచ్చేవారు. అలాంటిది లేనప్పుడు భాష తెలిసిన చెవి తప్ప వేరే ఆధారం ఉండదు. ఫ్యూక్స్ అంకెలూ వారాల పేర్లూ పలికించి పెట్టడం మా పని దృష్ట్యా చాలా విలువైన విషయం. పాట ఎంత నిదానంగానైనా సాగవచ్చు గానీ, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టే మనిషి సహజంగా ఏ వేగంతో మాట్లాడతాడో ఆ భాషవాళ్లు ఇట్టే పోల్చుకోగలరు.

మూలప్రతిగా దాచే డిజిటల్ ఫైలును సెకనుకు 96,000 నమూనాలు, 24 బిట్ల లోతుతో తీయడం ఇప్పుడు మా రంగంలో ఆనవాయితీ. అందులోని గరగరను తొలగించము. శుభ్రపరిచిన ప్రతి ఏదైనా వినడానికి వేరుగా తయారుచేసుకోవచ్చు. మూలప్రతిలో రొద తీసివేస్తే రేపు వచ్చే మెరుగైన సాధనానికి పని చేసుకోవడానికి ఏమీ మిగలదు.

మొదటి విడత: క్యాసెట్లు

1979లో ఫోక్‌లైఫ్ సెంటర్ ఫెడరల్ సిలిండర్ ప్రాజెక్టు మొదలుపెట్టింది. ప్రభుత్వ సంస్థల దగ్గర పేరుకున్న సుమారు 10,000 సిలిండర్లను టేపుల మీదికి ఎక్కించడం, వివరాల జాబితాలు ప్రచురించడం, ఆయా తెగలకు ప్రతులు పంపడం దాని లక్ష్యాలు. సేకరించినవాటి ప్రతులు పాడినవాళ్ల సమాజానికి తిరిగి వెళ్లాలన్న ఆలోచనను ఒక జాతీయ సంస్థ తన పనిలో భాగంగా పెట్టుకోవడం ఆనాటికి పెద్ద అడుగు. 1980లలో పాసమాక్వాడీ వాళ్లకూ క్యాసెట్లు అందాయి. 1985లో వెలువడిన జాబితా సంపుటంలో ఫ్యూక్స్ సిలిండర్ల వివరాలు అచ్చయ్యాయి.

ఆ విడతకు ఉన్న పరిమితి రెండు చోట్ల కనిపిస్తుంది. అప్పటి సాధనాలతో తీసిన శబ్దంలో గొంతు కన్నా రాపిడి ఎక్కువ. అంతకంటే ముఖ్యమైనది, జాబితాలోని వివరం ఫ్యూక్స్ నోటు పుస్తకాల మీద, ఆయన వ్యాసాల మీద ఆధారపడింది. సిలిండర్లను జాగ్రత్తగా విని రాసిన నిపుణులకు సంగీతమూ ధ్వని సాంకేతికతా తెలుసు, పాసమాక్వాడీ భాష తెలియదు. ఫలితంగా 'యుద్ధ గీతం', 'పాము నాట్యపు పాట' వంటి ఇంగ్లీషు శీర్షికలు నిలిచిపోయాయి. 2002లో, దేశం భద్రపరచుకోవలసిన శబ్ద ముద్రణలను ఎంపిక చేసే నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీ మొట్టమొదటి జాబితాలోనే ఈ ముద్రణలకు చోటు దక్కింది, అంటే దేశం మొత్తానికి వీటి చారిత్రక విలువ తెలిసింది. అప్పటికీ వాటిలోని మాటల అర్థం కాటలాగులో లేదు.

రెండో విడత: వినే క్రమం మారింది

2015 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, పాసమాక్వాడీ తెగ, న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన జేన్ ఆండర్సన్, వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన కిమ్ క్రిస్టెన్ కలిసి ఈ సేకరణను మళ్లీ చేపట్టారు. గ్రంథాలయం సిలిండర్ల నుంచి శబ్దాన్ని కొత్తగా తీయించింది. తెగ తరఫున చారిత్రక పరిరక్షణ అధికారి డొనాల్డ్ సాక్టోమా, భాషా సంరక్షకుడు డ్వేన్ టోమా ముందు నిలిచారు. కొత్తగా తీసిన ఫైళ్లు ముందుగా తెగకు వెళ్లాయి. వాళ్లు విని, రాసుకుని, ఏది ఎవరు వినవచ్చో తమలో తాము చర్చించుకున్న తర్వాతే గ్రంథాలయం వాటిని బయట పెట్టడం మొదలుపెట్టింది. 2018 మేలో విడుదలైన ఆన్‌లైన్ సేకరణలో 31 సిలిండర్లూ ఒక్కసారిగా పెట్టలేదు. తెగ పరిశీలన పూర్తయినవే ఒక్కొక్కటిగా చేరేలా ఏర్పాటు చేశారు.

ఈ కేసులో అన్నిటికంటే విలువైన భాగం ఈ క్రమమేనని నా అభిప్రాయం. ఆర్కైవుల్లో మామూలుగా జరిగేది దీనికి తలకిందులు. ముందు డిజిటైజు చేసి అందరికీ తెరుస్తాం, తర్వాత ఎవరైనా అభ్యంతరం చెబితే మూసేస్తాం. పవిత్రమైన పాట ఒకసారి బయటికి వెళ్లాక వెనక్కి రాదు. ఏడాదిలో కొన్ని రోజుల్లోనే వినదగిన పాటలు, చనిపోయినవారి కోసం మాత్రమే పాడే పాటలు, ఒక వంశానికే చెందిన పాటలు మన దగ్గరా ఉన్నాయి. వాటిని గుర్తుపట్టగలిగింది ఆ జనమే. అలాంటప్పుడు వాళ్ల మాట తీసుకోకుండా ఫైలు తెరవడం సాంకేతికంగా ఎంత సులువైనా పని పద్ధతిగా తప్పు.

ఒక్క పాట రికార్డు ఎలా మారిందో దగ్గరగా చూస్తే ఈ మాట అర్థమవుతుంది. సేకరణలో వస్తుమార్పిడి పాట ఒకటి ఉంది. ఫ్యూక్స్ తన వ్యాసంలో ఆ ఆచారాన్ని వర్ణించాడు: ఒకరో కొందరో కలిసి ఇంకొకరి ఇంటికి వెళ్లి గుమ్మం బయట పాట ఎత్తుకుంటారు, ముందున్న మనిషి ఆడుతూ పాడుతూ లోపలికి అడుగు పెట్టి, ఆ ఇంట్లో తనకు కావలసిన వస్తువును చూపించి వెల చెబుతాడు, ఇంటివాడు దాన్ని అమ్మాలి, లేదా సమానమైనది మరొకటి ఇవ్వాలి. అయితే పాత జాబితాలో ఈ పాటకు దక్కింది ఒక పొడి శీర్షిక మాత్రమే. కొత్త రికార్డులో పాసమాక్వాడీ శీర్షిక పైకి వచ్చింది, దానితోపాటు దాని అర్థమూ, ఆ పాట తమ జీవితంలో ఏమిటో తెగవాళ్లు చెప్పిన వివరణా చేరాయి. ఫ్యూక్స్ పెట్టిన పాత శీర్షికను చెరిపివేయలేదు. పాత వ్యాసాలు చదివి వచ్చే పరిశోధకుడికి అది దారి చూపుతుంది, 1890లో ఎవరు ఎలా విన్నారో సాక్ష్యంగానూ నిలుస్తుంది.

సేకరణ మొత్తానికి మాత్రం ఇప్పటికీ ఫ్యూక్స్ పేరే ఉంది. దీని మీద మా రంగంలో భిన్నాభిప్రాయాలున్నాయి. గడచిన పరిశోధన అంతా ఆ పేరుతోనే ఉదహరించింది కనుక మార్చకపోవడమే మంచిదని నేననుకుంటాను. అయితే ప్రతి అంశం రికార్డులోనూ పాడినవాడి పేరు సేకర్త పేరుకన్నా ముందు కనిపించి తీరాలి. నోయెల్ జోసెఫ్స్, పీటర్ సెల్మోర్ పేర్లను ఫ్యూక్స్ రాసిపెట్టుకోవడం వల్లే ఇవాళ వాళ్ల వారసులు పేరుతో వెతుక్కోగలుగుతున్నారు. ఆ తరంలో పేరు రాయకుండా, ఫలానా తెగ మనిషి అని వదిలేసిన సేకరణలు చాలా ఉన్నాయి, వాటిలో ఈ పని ఇప్పుడు చేయడం దాదాపు అసాధ్యం.

లేబుళ్లు, హక్కులు

కాపీరైటు చట్టం ఈ సమస్యకు సరిపోదు. ముద్రణలో ఆ చట్టం చూసేది ముద్రించినవాణ్ని, ప్రచురించినవాణ్ని, గడువును. తరతరాలుగా ఒక సమాజం ఉమ్మడిగా పాడుకునే పాట మీద ఆ సమాజానికి చట్టం ఏ హక్కునూ గుర్తించదు. ఈ ఖాళీని పూరించడానికి ఆండర్సన్, క్రిస్టెన్ 2010లో మొదలుపెట్టిన లోకల్ కాంటెక్స్ట్స్ అనే ప్రయత్నం, సంప్రదాయ జ్ఞాన లేబుళ్లు అనే పద్ధతిని రూపొందించింది. ఏ లేబులు వాడాలో, అందులోని మాట ఏమిటో సమాజమే నిర్ణయించుకుంటుంది. పాసమాక్వాడీ వాళ్లు ఈ సేకరణకు ప్రధానంగా మూడు లేబుళ్లు ఎంచుకుని వాటికి తమ భాషలో పేర్లు పెట్టుకున్నారు. ఒకటి, ఇది ఎవరిదో సరిగ్గా చెప్పమంటుంది. రెండోది, దీన్ని విద్య కోసం వాడుకోవచ్చంటుంది. మూడోది, ఇది అమ్మకానికి కాదంటుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన సొంత కాటలాగు పేజీల్లో, హక్కుల వివరం ఉండే చోటనే ఈ లేబుళ్లను చేర్చింది.

లేబులుకు కోర్టులో చెల్లే బలం లేదు. ఎవరైనా ఆ పాటను తీసుకుపోయి అమ్ముకుంటే లేబులు ఆపలేదు. అయినా ఒక జాతీయ గ్రంథాలయం తన అధికారిక రికార్డులో ఆ సమాజం మాటను ఆ సమాజపు భాషలోనే అచ్చువేసినప్పుడు, చదివిన పరిశోధకుడు గానీ సంగీత దర్శకుడు గానీ తనకు తెలియదని చెప్పే వీలు పోతుంది. మా పనిలో దుర్వినియోగం చాలావరకు అజ్ఞానం వల్ల జరుగుతుందే తప్ప దురుద్దేశం వల్ల కాదు కనుక, ఈ మేరకు లేబులు గట్టిగానే పనిచేస్తుంది.

తెగ తన సొంత వేదికను కూడా ముకుర్టు అనే సాఫ్ట్‌వేరు మీద నిర్మించుకుంది. ఆస్ట్రేలియాలో వారుముంగు అనే ఆదివాసీ సమాజంతో కలిసి పనిచేస్తూ క్రిస్టెన్ బృందం తయారుచేసిన ఈ సాధనంలో, ఒకే అంశానికి అందరికీ కనిపించే రూపం ఒకటి, తమవాళ్లకు మాత్రమే కనిపించే రూపం ఇంకొకటి ఉంచుకోవచ్చు. గ్రంథాలయం రికార్డు ఒక పక్క, తెగ రికార్డు ఇంకో పక్క నడుస్తాయి. రెండూ ఒకేలా ఉండవలసిన అవసరం లేదు, ఉండకూడదు కూడా.

మన సేకరణలకు వర్తించే మేరకు

విదేశీ పండితులు భారతదేశంలో ముద్రించి తీసుకువెళ్లిన సంగీతపు ప్రతులను తిరిగి ఈ దేశానికి తెప్పించాలన్న ఉద్దేశంతో నజీర్ జైరాజ్‌భాయ్ 1982లో స్థాపించిన ఆర్కైవ్స్ అండ్ రిసర్చ్ సెంటర్ ఫర్ ఎత్నోమ్యూజికాలజీ ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉంది. ఒగ్గుకథ, బుర్రకథ, జముకుల కథ, సవర పాటలు, చెంచుల పాటలు ఫోన్లలోనే రికార్డు చేసి దాచుకుంటున్న తెలుగువాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వారి చేతిలోని యంత్రం ఫ్యూక్స్ యంత్రం కన్నా వెయ్యి రెట్లు మేలైనది. వారు రాసుకునే వివరం మాత్రం చాలాసార్లు ఫ్యూక్స్ రాసుకున్నంత కూడా ఉండదు. తేదీ పేరుగా ఉన్న ఫైలు, ఎవరు పాడారో తెలియని గొంతు, ఏ ఊరో చెప్పని వీడియో నాకు తరచూ వస్తుంటాయి.

పాడినవారి పూర్తి పేరు, వారు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ సందర్భంలో పాడతారు, ఎప్పుడు పాడకూడదు, ఈ ముద్రణను ఎవరెవరు వినవచ్చని వారు చెప్పారు అన్న వివరాలను అక్కడికక్కడే, అదే రికార్డింగు చివర వారి గొంతుతోనే చెప్పించుకోవాలి. కాగితం పోవచ్చు, పాటతో ఉన్న మాట పాటతోనే వెళ్తుంది. అనుమతిని సేకరణ మొత్తానికి ఒక్క సంతకంతో తీసుకోవడం కన్నా, అంశం అంశానికీ విడిగా అడగడం మేలు. సుప్రభాత వేళ పాడే పాట ఇవ్వడానికి సంతోషించిన మనిషే చావు పాట ఇవ్వడానికి జంకవచ్చు. ఇచ్చిన అనుమతి మారవచ్చు కూడా. పాడిన పెద్దాయన ఒప్పుకున్నదాన్ని ఆయన తర్వాత ఆ ఇంటివాళ్లు వద్దనవచ్చు, ఇప్పుడు మూసినదాన్ని మనవల తరం తెరవమనవచ్చు. కాబట్టి ఏ సాఫ్ట్‌వేరు వాడినా, ఒక ఫైలును చెరపకుండా అందుబాటు స్థాయిని మాత్రం మార్చగలిగే సదుపాయం దానిలో ఉందో లేదో మొదటి ఫైలు ఎక్కించడానికి ముందే చూసుకోవాలి. ఆ మార్పు ఎవరు కోరారో, ఏ తేదీన కోరారో రికార్డులో నమోదయ్యేలా ఒక గడి ప్రత్యేకంగా పెట్టుకోవాలి.